గడ్డలో పడితే గడ్డ లేచింది!

గన్‌ఫౌండ్రీలో ప్రాక్టీసు పెట్టిన డాక్టరుకు మందుల పేర్లు తెలిస్తే చాలదు. మాటల అర్థాలు కూడా తెలిసి ఉండాలి. ఒకవైపు ఆబిడ్స్, ఇంకొకవైపు నాంపల్లి స్టేషను. పొద్దున్నే రైలు దిగినవాళ్లలో ఉత్తర కోస్తా మనిషీ ఉంటాడు, కర్నూలు మనిషీ ఉంటాడు, ఆదిలాబాదు మనిషీ ఉంటాడు. ఊళ్లోవాళ్లు మాట్లాడే తెలుగులోనేమో ఉర్దూ పాలూ నీళ్లలాగా కలిసిపోయి ఉంటుంది. ఒంట్లో బాగాలేదనే అందరూ వస్తారు గాని, ఏం జరిగిందో చెప్పేటప్పుడు ఎవరి మాట వారిదే.

వానాకాలంలో తరచుగా వినపడే మాట ఒకటి చెబుతాను: "గడ్డలో పడ్డా సార్, మోకాలికి గడ్డ లేచింది."

ఒకే వాక్యంలో రెండు గడ్డలు! మొదటిది హైదరాబాదు ఉర్దూలోంచి వచ్చిన గడ్డ. అంటే రోడ్డు మీది గొయ్యి. రెండోది తెలుగు గడ్డ. అంటే వాపు, కణితి. ఒకటి లోపలికి దిగిపోయేది, ఇంకొకటి పైకి ఉబికేది. అర్థాలు పూర్తిగా ఎదురు బొదురు. తెలుగు గడ్డ కూడా ఒక్కటి కాదు. చీము పట్టిందీ గడ్డే, మంచుదీ గడ్డే, కూరకు తెచ్చుకునే ఆలూ గడ్డే. ఉత్తరాంధ్ర మనిషి "గెడ్డ దాటుతుండగా పడ్డాను" అంటే వాగు అని అర్థం చేసుకోవాలి. ఈ తేడాలు తెలియని డాక్టరు "గడ్డ ఎన్నాళ్లయింది? చీము కారుతోందా?" అని అడుగుతాడు. రోగి మునిసిపాలిటీని తలుచుకుని "ఆరు నెలలైంది సార్, ఇంకా పూడ్చలేదు" అంటాడు.

గుంట కథ ఇంతకన్నా పెద్దది. రోడ్డు మీద నీళ్లు నిలిచేది గుంట. ఊరి చివర పశువులు నీళ్లు తాగేదీ గుంటే. భూమి కొలతలో నూట ఇరవై ఒక్క గజాలు ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. శ్రీకాకుళం, విజయనగరం వైపు గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లవాడు. రాయలసీమవాళ్లకు గుంత అనగానే పొంగణాలు గుర్తుకొస్తాయి.

ఆరోగ్య శీర్షికలో ఈ నిఘంటువు గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ఒక ఉదాహరణ చూడండి. నాంపల్లిలో రైలు దిగి నేరుగా మా దగ్గరికి వచ్చిన ఒక తల్లి గుమ్మంలోనే ఏడుస్తూ, "మా గుంట పడిపోయింది బాబూ, కళ్లు గుంటలు పడిపోయాయి" అంది. మా కాంపౌండరు హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు. పాప గుంటలో పడిందనుకుని దూదీ, అయొడినూ పట్టుకుని దెబ్బ ఎక్కడా అని వెతకడం మొదలుపెట్టాడు. దెబ్బ ఎక్కడా లేదు. ఆ తల్లి చెప్పింది ఇది: మా పిల్ల నీరసించి వాలిపోయింది, కళ్లు లోతుకు పోయాయి. రాత్రంతా రైల్లో విరోచనాలు. ఒంట్లో నీరు ఇంకిపోయింది.

చిన్నపిల్లల్లో ఆ గుంటలను గుర్తించడం ప్రతి తల్లీ నేర్చుకోవాలి. విరోచనాలు పట్టుకున్న బిడ్డకు కళ్లు లోపలికి పోయినట్టు కనిపిస్తే, నాలుక తడి ఆరితే, ఏడ్చినా కన్నీరు రాకపోతే, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోతే ప్రమాదం దగ్గర పడిందన్నమాట. ఏడాది లోపు పసిబిడ్డకు నడినెత్తిన మాడు పల్లంగా దిగినా అదే సూచన. పొట్ట మీది చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా మడతగానే ఉండిపోతే ఇక ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, దారి పొడుగునా చెంచాతో కొంచెం కొంచెం పోస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. తల్లిపాలు మాన్పకూడదు. ఆ పాపకు అదే చేశాం. సాయంత్రానికి కళ్లు తెరిచి బిస్కట్టు అడిగింది.

పెద్దవాళ్లకు వచ్చే గుంట వేరు. కాళ్లు వాచాయని వచ్చినవారి ముంగాలి ఎముక మీద బొటనవేలితో కొన్ని క్షణాలు గట్టిగా నొక్కి వదిలితే, వేలు దిగినచోట గుంట అలాగే నిలిచిపోతుంది. గుండె, మూత్రపిండాలు, కాలేయం, వీటిలో ఏదో ఒకటి సరిగా పనిచేయడం లేదేమో చూసుకోమని ఆ గుంట చెబుతుంది. రోజంతా నిలబడి పనిచేసేవారికీ, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారికీ కూడా ఇలా కావచ్చు. కాబట్టి కనపడగానే బెంబేలు పడకుండా మూత్రమూ, రక్తమూ పరీక్ష చేయించుకోవాలి.

ఇక రోడ్డు గుంటకు వద్దాం. మా పేటకూ గుంటకూ బంధుత్వం పాతదే. గన్‌ఫౌండ్రీ అంటే ఫిరంగులు పోత పోసిన చోటు. 18వ శతాబ్దం చివర రెండో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ పెట్టించాడు. ఉర్దూలో తోప్ కా సాంచా అన్నారు, అంటే ఫిరంగి అచ్చు. ఆ రోజుల్లో ఫిరంగి అచ్చును లోతైన గుంటలో నిలువుగా దించి, చుట్టూ మట్టి కూరి, కరిగిన లోహాన్ని పైనుంచి పోయడం వాడుక. 1798లో రేమండ్ పోయాడు, ఫిరంగులూ పోయాయి. గుంటలకు మాత్రం కొదవ లేదు.

తారు రోడ్డులో గుంట పడే పద్ధతి పన్ను పుచ్చే పద్ధతి లాంటిదే. ముందు పైన సన్నటి బీట. అందులోంచి వాననీరు కిందికి దిగుతుంది. తారుకూ నీటికీ పడదు. కంకరను పట్టుకున్న తారు పట్టు వదిలేస్తుంది. పైన బస్సు చక్రం పడినప్పుడల్లా లోపలి నీరు పిచికారీ కొట్టినట్టు కదిలి, అడుగున ఉన్న మెత్తటి మట్టిని బయటికి తోస్తుంది. పైన పెంకు బాగానే కనిపిస్తూ ఉంటుంది, లోపల డొల్ల. ఒకరోజు పెంకు కూలిపోతుంది. పైపులకనీ, కేబుళ్లకనీ తవ్వి సరిగా దిమ్మిస చేయకుండా కప్పేసిన చోట ఇది మరీ త్వరగా జరుగుతుంది. పిప్పి పన్నును శుభ్రం చేయకుండా పైన సిమెంటు నింపితే ఎన్నాళ్లుంటుందో, నీళ్లు తోడకుండా గుంటలో పోసిన కంకర కూడా అన్నాళ్లే ఉంటుంది. 2022 డిసెంబరులో మాకు దగ్గరలోనే గోషామహల్ చాక్నవాడిలో నాలా మీది రోడ్డు కూలి, పైన ఉన్న బళ్లూ అంగళ్లూ లోపలికి దిగిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఈ గుంటలకు వైద్యం చేసిన పెద్దమనిషి ఒకాయన మన నగరంలోనే ఉన్నారు. రైల్వేలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన కాట్నం గంగాధర తిలక్ గారు. కారులో కంకర, తారు సంచులు వేసుకుని, సతీమణి వెంకటేశ్వరి గారితో కలిసి రోడ్ల మీది గుంతలు పూడ్చుకుంటూ వచ్చారు. 2021 నాటికి ఆ లెక్క రెండు వేలు దాటింది. అందుకు ఖర్చు చేసింది సొంత పింఛను డబ్బు. ఆయనను రోడ్ డాక్టరు అని పిలుస్తారు. మా వృత్తిలోవాళ్లం అసూయపడవలసిన బిరుదు.

గుంట అంటే నవ్వులాట కాదు. 2013 నుంచి 2017 వరకు అయిదేళ్లలో దేశంలో గుంతల మూలంగా 14,926 మంది చనిపోయారని 2018లో సుప్రీంకోర్టు ఎంతో ఆవేదన వ్యక్తం చేసింది. ఒక్క 2017లోనే 3,597 మంది. 2022 లెక్కల్లో 1,856 మంది. ఇవి చనిపోయినవారి లెక్కలు మాత్రమే. నడుము విరిగి మంచాన పడినవారినీ, మాట పడిపోయినవారినీ ఇందులో కలపలేదు.

కాబట్టి అసలు విషయం ఇది. గడ్డ అనండి, గుంట అనండి, గతుకు అనండి, మీ ఇష్టం. డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు మూడు ముక్కలు మాత్రం స్పష్టంగా చెప్పండి: ఎలా పడ్డారు, ఏ భాగం ముందు నేలకు తగిలింది, పడ్డ తర్వాత ఏం జరిగిందో గుర్తుందా లేదా. స్కూటరు మీంచి ఎగిరి పడ్డవాడు "ఏమీ లేదు సార్, మోచెయ్యి గీరుకుంది, అంతే" అంటాడు. అతనికి కనిపించేది మోచెయ్యే. "పడగానే ఎవరు లేపారు?" అని అడిగితే, "అది గుర్తులేదు, లేచేసరికి పాన్ డబ్బా దగ్గర కూచుని ఉన్నాను" అంటాడు. నాకు కావలసిన మాట అది. కాసేపు గుర్తులేదంటే తలకు తగిలిందన్నమాట.

తలదెబ్బలో మోసం ఏమిటంటే, పడ్డవెంటనే మనిషి బాగానే ఉండవచ్చు. లేచి, బట్టలు దులుపుకుని, బండి స్టార్టు చేసుకుని ఇంటికి వచ్చి భోంచేసి పడుకోవచ్చు. పుర్రె లోపల నరం తెగి నెత్తురు ఊరుతూంటే గంటల తర్వాత గాని మెదడు మీద ఒత్తిడి తెలియదు. "అలసిపోయాడు, నిద్రపోనీండి" అని ఇంట్లోవాళ్లు తలుపు దగ్గరగా వేస్తారు. తెల్లారి లేపితే లేవడు. అందుకే తలకు దెబ్బ తగిలినవారిని మొదటి రాత్రి ఒంటరిగా పడుకోబెట్టవద్దు. నిద్రపోవచ్చు, తప్పు లేదు. కాని రెండు మూడు గంటలకొకసారి లేపి పేరు, ఊరు అడగండి. తలనొప్పి పెరుగుతూ పోతున్నా, ఒకటికి రెండుసార్లు వాంతి అయినా, మాట తడబడినా, ఒక చెయ్యి గాని కాలు గాని పట్టు తప్పినా, ఫిట్సు వచ్చినా, ముక్కులోంచో చెవిలోంచో నీరులాంటిదో నెత్తురో కారినా, ఒక కంటిపాప పెద్దదిగా ఇంకొకటి చిన్నదిగా కనిపించినా, తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. ఆ అంబులెన్సులు 2005 ఆగస్టు 15న మొదలైంది మన హైదరాబాదులోనే.

పెద్దవయసువారి సంగతి ఇంకొక విధంగా ఉంటుంది. వారిలో నెత్తురు చాలా నెమ్మదిగా ఊరుతుంది. ఆటో గుంటలో పడి కడ్డీకి తల కొట్టుకుంటుంది. చిన్న బొప్పి కడుతుంది, అందరూ మరిచిపోతారు. రెండు మూడు వారాలకు తాతగారు నడకలో తూలడం, మనుమడి పేరు మరిచిపోవడం, పగలంతా మగతగా ఉండడం మొదలవుతుంది. "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటారు. స్కానింగు తీస్తే పుర్రె కింద పాత నెత్తురు పేరుకుని ఉంటుంది. సకాలంలో తీసేస్తే చాలామంది మళ్లీ మామూలు మనిషి అవుతారు. గుండెజబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి నెత్తురు పలుచన చేసే మందులు వాడేవారికీ, తాగుడు అలవాటున్నవారికీ ఈ ప్రమాదం ఎక్కువ. అటువంటివారికి తలదెబ్బ ఎంత చిన్నదైనా ఆ రోజే చూపించాలి. ఆ మందులు సొంతంగా ఆపేయడమూ తప్పే.

హెల్మెటు గురించి అందరికీ తెలుసు గాని, వెనక సీటు గురించి ఎవరికీ పట్టదు. ముందు కూచున్నవాడికి గుంట కనిపిస్తుంది, చేతుల్లో హ్యాండిలు ఉంటుంది, ఒళ్లు బిగబట్టుకుంటాడు. వెనక పక్కకు తిరిగి, ఒళ్లో సంచీ పెట్టుకుని, ఒక చేత్తో సీటు పట్టుకుని కూచున్న ఇల్లాలికి గుంట వచ్చేదాకా తెలియదు. ఎగిరి వెల్లకిలా పడుతుంది. తల వెనకభాగం నేలకు తగులుతుంది. బతికినంతకాలం ఇంటిని మోసిన మనిషికి ఒక హెల్మెటు కొనడానికి మనకు చేతులు రావు! నాలుగేళ్లు దాటిన ప్రతివారూ ముందు కూచున్నా వెనక కూచున్నా హెల్మెటు పెట్టుకోవాలని చట్టమే చెబుతోంది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి కాక్రేన్ సమీక్షలో హెల్మెటు వల్ల మరణం ముప్పు 42 శాతం, తలదెబ్బ ముప్పు 69 శాతం తగ్గుతాయని తేలింది. గడ్డం కింది పట్టీ పెట్టుకోకపోతే మాత్రం అది తలకన్నా ముందే ఎగిరిపోతుంది.

రోడ్డు మీద ఎవరైనా పడితే మనవాళ్లకు జాలి ఎక్కువ. నలుగురూ చేరి చంకల్లో చేతులు వేసి లాగి కూచోబెడతారు, నోట్లో సోడా పోస్తారు. రెండూ తప్పే. మెడ ఎముక విరిగి ఉంటే అలా లాగడంతో వెన్నుపాము తెగి కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. స్పృహ లేనివాడికి పోసిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు వచ్చే బళ్లను ఆపండి. ఊపిరి ఆడుతోందా చూడండి. నెత్తురు ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. కదపక తప్పకపోతే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేట్టు నలుగురు కలిసి, చెక్కబల్లను జరిపినట్టు జరపండి. కోర్టుల చుట్టూ తిరగాలేమోనన్న భయం వద్దు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం సాయం చేసినవారి మీద కేసు ఉండదు, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కరలేదు.

పడకపోయినా గతుకు గతుకే. కూర్చున్న మనిషి వెన్నెముకకు సెకనుకు నాలుగైదుసార్లు వచ్చే ఊపు అన్నిటికన్నా ఎక్కువగా తగులుతుందని పరిశోధనల్లో తేలింది. ఆటో డ్రైవరు నడుము నొప్పి అంటే బద్ధకం అనుకోకూడదు. వారికి నా సలహా ఇది: సీటు మీద గట్టి దిండు, నడుం వంపులో చుట్టిన తువ్వాలు, గంటకొకసారి దిగి పది అడుగుల నడక. స్కూటరు మీద వెళ్లేవారు గుంట తప్పించుకోలేనప్పుడు వేగం తగ్గించి, పాదాల మీద బరువు ఆన్చి సీటు మీంచి కొంచెం లేవాలి. అప్పుడు దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి, వెన్నుకు వదిలేస్తాయి. పక్కకు కోత కొడితే మాత్రం వెనకాల వచ్చే లారీ మాట ఏమిటి?

బస్సులో వెనక చక్రాలకు వెనకాల ఉండే సీటు మహా చెడ్డది. గుంట వస్తే అక్కడివాళ్లు అడుగు ఎత్తు ఎగిరి పడతారు. అరవై దాటిన ఆడవారిలో ఎముకలు గుల్లబారి ఉంటాయి. అలా ఒక్కసారి కుదేలుమని పడితే వెన్నుపూస సుద్దముక్కలా నలిగిపోతుంది. పడ్డది కూడా లేదు కాబట్టి ఎముక విరిగిందని ఎవరికీ తోచదు. నెల రోజులు తైలాలు రాస్తారు. బస్సు కుదుపు తర్వాత నడిమధ్య వీపులో పట్టుకున్న నొప్పి వారానికి తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాలి. అమ్మమ్మలకు రెండు చక్రాల మధ్య సీటు ఇప్పించండి. నడుము నొప్పితోపాటు మూత్రం బిగిసినా, మర్మస్థానం దగ్గర తిమ్మిరెక్కినా అది ఆ పూటే ఆపరేషను అవసరం కాగల పరిస్థితి.

గతుకు డాక్టరుకు సాయపడే సందర్భం కూడా ఒకటి ఉంది. బ్రిటనులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి డాక్టర్లు, కడుపునొప్పితో వచ్చినవారిని దారిలో స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు నొప్పి ఎక్కువైందా అని అడిగి చూశారు. చివరికి అపెండిసైటిస్ అని తేలిన 34 మందిలో 33 మంది అయిందని చెప్పారు. 2012లో ఆ ఫలితాలు ప్రచురించారు. నొప్పి ఎక్కువైన ప్రతివారికీ అపెండిసైటిసే అని కాదు. కాని గతుకులో కుదుపు తగిలినా కడుపు కదలకపోతే అది అపెండిసైటిస్ అయ్యే అవకాశం తక్కువ. మన ఊళ్లో ఈ పరీక్షకు ప్రత్యేకంగా ఏర్పాట్లు ఏవీ అక్కర్లేదు.

ఇక చాలా ఇళ్లలో కన్నీళ్లు తెప్పించే ప్రశ్న. "రెండో నెలలో ఆటోలో వెళ్లాను డాక్టరుగారూ, గుంటలో పడింది, నాలుగు రోజులకు గర్భం పోయింది. వద్దన్నా వెళ్లిందని అత్తగారు అంటున్నారు. నిజంగా నావల్లేనా?" ఈ మాట అడిగేవారు గొంతు తగ్గించి అడుగుతారు. ఆ అత్తగార్లు కూడా చదవాలని పెద్ద గొంతుతో చెబుతున్నాను: కాదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా పిండంలోనే క్రోమోజోముల లోపం వల్ల పోతాయి. ఆ పిండం పట్టుపాన్పు మీద పడుకోబెట్టినా నిలిచేది కాదు. ఆ నెలల్లో గర్భసంచి కటి ఎముకల గూట్లో భద్రంగా ఉంటుంది. ఆటో కుదుపు దాన్ని అందుకోలేదు. ఇంకొకసారి నిలుస్తుందన్న ధైర్యం ఇవ్వవలసిన సమయంలో నేరం మోపడం అన్యాయం.

అయిదో నెల నుంచి మాత్రం జాగ్రత్త వేరు. కుదుపు గురించి కాదు, పొట్టకు తగిలే దెబ్బ గురించి. బండి మీంచి పడినా, ముందు సీటు కడ్డీకి పొట్ట గుద్దుకున్నా, మాయ గర్భసంచి గోడ నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంది. ఎర్ర కనపడినా, పొట్ట రాయిలా బిగిసినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ప్రసూతి ఆసుపత్రికి వెళ్లాలి. ఏమీ కనపడకపోయినా కొన్ని గంటలు డాక్టర్ల కనిపెట్టులో ఉండడం మంచిది. తల్లి నెత్తురు నెగటివ్ గ్రూపు అయితే ఆ సంగతి ముందే చెప్పాలి. 72 గంటల లోపల యాంటీ-డి ఇంజక్షను అవసరం కావచ్చు.

నడిచేవారి బాధ చీలమండ. నీళ్లు నిండిన గుంటలో కాలు పడి మడత పడుతుంది. బెణుకా, విరుగుడా? నాలుగు అడుగులు వేయించి చూడండి. కుంటుతూనైనా వేయగలిగి, చీలమండకు రెండు పక్కల పొడుచుకుని ఉండే ఎముకల వెనక అంచును నొక్కితే నొప్పి లేకపోతే, విరిగి ఉండే అవకాశం తక్కువ. నాలుగు అడుగులు పడకపోయినా, ఆ ఎముక మీద నొప్పి ఉన్నా ఎక్స్‌రే తప్పదు. మొదటి రెండు రోజులు వేడి కాపడం, మర్దనా వద్దు. గుడ్డలో చుట్టిన మంచుగడ్డ (ఇదొక మంచి గడ్డ!) పావుగంట చొప్పున రోజుకు నాలుగైదుసార్లు పెట్టి, కాలు ఎత్తు మీద ఉంచండి. మన ఊళ్లో పహిల్వాన్ కట్టు మీద నమ్మకం ఎక్కువ. ఎక్స్‌రే లేకుండా బిగించిన కట్టు నెత్తురు ప్రసారాన్ని ఆపేస్తే కాలే పోగొట్టుకోవలసి వస్తుంది. ఎవరు కట్టిన కట్టైనా సరే, వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి భరించలేనంత అయినా వెంటనే విప్పించాలి. మధుమేహం ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి నొప్పే తెలియదు. వారు ఇంటికి రాగానే పాదాలు కడిగి, తుడిచి, వేళ్ల సందులతో సహా చూసుకోవాలి.

చివరగా ఆ నీళ్లు. నగరంలో గుంటనీరంటే వానా, మురుగూ, ఎలుకల మూత్రమూ కలిసిన ద్రావకం. కాలికి చిన్న చీలిక ఉన్నా లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి లోపలికి పోతుంది. ఆ నీళ్లలో నడిచిన వారం, రెండు వారాలకు చలిజ్వరం, పిక్కల్లో తట్టుకోలేని నొప్పి, కళ్లు ఎర్రబడడం ఉంటే ఫ్లూ అని ఊరుకోకుండా, నీళ్లలో నడిచిన సంగతి డాక్టరుకు చెప్పండి. మొదట్లో మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగుతుంది. ముదిరితే కామెర్లు వచ్చి మూత్రపిండాలు దెబ్బతింటాయి. దోమల విషయంలో అపోహ ఒకటుంది. డెంగీ దోమ ఎక్కువగా గుడ్లు పెట్టేది రోడ్డు బురదలో కాదు, మన ఇంటి డ్రమ్ములో, కూలరులో, పూలకుండీ పళ్లెంలో. మునిసిపాలిటీని తిట్టే ముందు కూలరు వంచి చూడండి.

గీరుకున్న పుండుకు మొదటి మందు సబ్బూ, కుళాయి నీళ్లూ. ఇసుక రేణువులన్నీ పోయేదాకా కడగాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం అద్దవద్దు. ధనుర్వాతం ఇంజక్షను ప్రతి గీతకూ అక్కరలేదు. చిన్నప్పటి టీకాలన్నీ పూర్తయి, చివరిది తీసుకుని అయిదేళ్లు దాటకపోతే మట్టి పుండుకైనా మళ్లీ పనిలేదు. కాని నా దగ్గరికి వచ్చే నూటికి తొంభైమంది "ఎప్పుడో పొడిపించుకున్నాం సార్" అంటారు. ఎప్పుడో అనే మాటకు అర్థం ఏ భాషలోనూ తెలియదు. ఆ తేదీ రేషను కార్డు కవరులోనో, ఫోనులోనో రాసి పెట్టుకోండి.